గేమ్ మీద 18 అని ఉంది, మా బుడ్డోడికి 11: బూతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికితే..

సంక్రాంతికి రాజమండ్రి వెళ్లా. కనుమ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక అందరం హాల్లో ఎక్కడివాళ్లం అక్కడ పడి ఉన్నాం. నాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. మా అక్క కొడుకు ఓ మూల కూర్చుని ట్యాబ్‌లో గేమ్ ఆడుకుంటున్నాడు. వాడికి 11 ఏళ్లు, ఆరో తరగతి. ఇంట్లో అందరం బుడ్డోడు అంటాం. ఎవడో వెనక నుంచి కాల్చినట్టున్నాడు, ఉన్నట్టుండి వాడి నోట్లోంచి ఒక మాట వచ్చింది.

అచ్చ తెలుగు మాట. నేను హాస్టల్లో రెండో సంవత్సరానికి గానీ ధైర్యం చేసి వాడని మాట.

నాన్న కళ్లు తెరిచారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బుడ్డోడికి మాత్రం తాను ఏదో అన్నానన్న సంగతే తెలీదు, స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు. అక్క వాడి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"వాడికి ఆ గేములన్నీ ఎక్కించింది నువ్వే కదరా?"

నిజమే. కిందటి దసరాకి కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, నా పాత గేమింగ్ లాప్‌టాప్ వాడికి ఇచ్చేశా. అందులో నా స్టీమ్ అకౌంట్ లాగిన్ అయ్యే ఉంది. లైబ్రరీలో జీటీఏ 5 కూడా ఉంది. "కార్ల గేమ్ అక్కా, ఊరంతా తిరగొచ్చు" అని చెప్పి వచ్చేశా. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజం కూడా కాదు. ఆ గేమ్ ఆడిన ఎవరినైనా అడగండి, ఊరంతా తిరగడానికి ముందు ఏమేం వినాల్సి వస్తుందో చెప్తారు.

ఈ సైట్‌లో నేను ఇప్పటిదాకా ఫోన్లూ ఇయర్‌బడ్సూ రివ్యూ చేశా. ఈసారి గేముల మీద ఉండే ఆ చిన్న నంబర్‌ని రివ్యూ చేద్దామనుకున్నా. మనమందరం స్కిప్ కొట్టే నంబర్ అది.

డబ్బా మీద అసలేం రాసి ఉంది

ముందు ఇది ఎక్కడ మొదలైందో చూద్దాం. 1993 డిసెంబర్‌లో అమెరికా సెనేట్‌లో వీడియో గేముల మీద విచారణ జరిగింది. మోర్టల్ కాంబాట్, నైట్ ట్రాప్ అనే రెండు గేములు ముద్దాయిలు. జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనే సెనేటర్లు ముందుండి నడిపించారు. మీరే ఒక పద్ధతి పెట్టుకోండి, లేకపోతే మేం పెడతాం అన్న ధోరణిలో గట్టిగా అడిగేసరికి, గేమ్ కంపెనీలు కలిసి 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు పెట్టుకున్నాయి. అంటే ఇది ప్రభుత్వ సెన్సార్ కాదు, ఇండస్ట్రీ తన కోసం తాను పెట్టుకున్న బోర్డు. యూరప్‌లో పెగీ 2003లో వచ్చింది. మన షాపుల్లో దొరికే ప్లేస్టేషన్ డిస్కుల మీద ఎక్కువగా కనిపించేది ఈ పెగీ నంబరే: 3, 7, 12, 16, 18.

నంబర్ పక్కనే ఇంకో చిన్న బొమ్మ ఉంటుంది, దాన్నెవరూ చూడరు. పెగీలో మాటల బుడగ లోపల గజిబిజి గుర్తులు ఉంటే, గేమ్‌లో తిట్లు ఉన్నాయని అర్థం. ఆ బొమ్మ 12 దగ్గర ఉంటే మామూలు తిట్లు. 16, 18 దగ్గర ఉంటే చెవులు మూసుకునే రకం. ఈఎస్‌ఆర్‌బీ వాళ్లు దీన్నే మాటల్లో రాస్తారు. "లాంగ్వేజ్" అని ఒక్క మాటే ఉంటే ఓ మోస్తరు. "స్ట్రాంగ్ లాంగ్వేజ్" అని ఉంటే పచ్చి బూతులు, లేదా మాటిమాటికీ బూతులు. పాటల్లో ఉన్నవాటికి "లిరిక్స్" అని విడిగా లేబుల్ ఉంది. బోర్డు సైట్‌కి వెళ్లి గేమ్ పేరు కొడితే, చాలా గేములకి ఏయే మాటలు వినిపిస్తాయో నక్షత్రాలు పెట్టి మరీ రాసి ఉంటుంది. మన సినిమా సర్టిఫికెట్‌లో కూడా ఇంత వివరం దొరకదు. పేరెంట్స్‌కి పది నిమిషాల టైమ్ ఉంటే ఆ ఒక్క పేజీ చదివినా చాలా తెలిసిపోతుంది.

జీటీఏ 5 సంగతికొస్తే ఈఎస్‌ఆర్‌బీలో ఎం, అంటే 17+. పెగీలో 18. కారణాల జాబితాలో హింస, నగ్నత్వం, డ్రగ్స్‌తో పాటు స్ట్రాంగ్ లాంగ్వేజ్ కూడా ఉంది. దాన్ని ఆపడానికి సెట్టింగ్స్‌లో స్విచ్ లేదు. కొన్ని గేములు ఈ విషయంలో మర్యాదస్తులు. గేర్స్ ఆఫ్ వార్ 2లో బూతులు ఆఫ్ చేసుకునే ఆప్షన్ ఇచ్చారు. 2009లో వచ్చిన బ్రూటల్ లెజెండ్ అయితే కథ మధ్యలో ఆగి, బూతులు వినిపించాలా, బీప్ వేయాలా అని మనల్నే అడుగుతుంది. ఈ ఐడియా ప్రతి గేమ్‌లో ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంజినీర్‌గా చెప్తున్నా, మొదట్లోనే ప్లాన్ చేసుకుంటే ఇది పెద్ద పనేం కాదు, ఆ డైలాగులకి ఒక ట్యాగ్ పెట్టుకోవడమే.

మరి ఇంత స్పష్టంగా రాసి ఉంటే మా బుడ్డోడి దాకా ఎలా వచ్చింది? స్టీమ్‌లో ఇలాంటి గేమ్ పేజీ తెరిస్తే పుట్టిన తేదీ అడుగుతుంది. మీరేం ఇస్తారో నాకు తెలుసు. గేమర్లందరం జనవరి 1నే పుడతాం, ఏదో ఒక పాత సంవత్సరంలో. మా వాడికైతే ఆ శ్రమ కూడా లేదు. అకౌంట్ నాది, వయసు నాది, కొన్నది నేను. తలుపు తీసి తాళంచెవి కూడా చేతికిచ్చా.

"అది గేమ్‌లో అన్నలు అంటారు మామయ్యా"

ఆ సాయంత్రం వాడిని గోదావరి గట్టు మీదకి తీసుకెళ్లా. బజ్జీలు తింటూ మెల్లగా అడిగా, ఆ మాట జీటీఏలో విన్నావా అని.

వాడు నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూశాడు. "జీటీఏలో తెలుగెక్కడుంది మామయ్యా? వాళ్లు మాట్లాడేది నాకు సగం అర్థం కాదు. నేను స్కిప్ కొట్టేసి కారు తోలతా."

మరి ఎక్కడ విన్నావురా అంటే, "ట్యాబ్ గేమ్‌లో. స్క్వాడ్‌లో అన్నలు ఉంటారు కదా. చచ్చిపోతే అలా అంటారు." దాని అర్థం తెలుసా అంటే తెలీదన్నాడు. "చచ్చిపోతే అనాలేమో అనుకున్నా."

ఇక్కడే నా రివ్యూ మొత్తం తిరగబడింది. నేను అనుమానించిన గేమ్ మీద ఎర్రగా 18 అని ఉంది, వాడు అందులో కార్లు గుద్దుకుంటూ తిరుగుతున్నాడు. ట్యాబ్‌లో ఉన్న బ్యాటిల్ రాయల్ గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. కథ లేదు, డైలాగులు లేవు, తిట్టే క్యారెక్టర్ ఒక్కడూ లేడు. అక్క కూడా అదే మంచిదనుకుంది. కానీ అందులో లైవ్ మైకులున్నాయి. ఆ మైకుల వెనక మనం ఉన్నాం.

ఈఎస్‌ఆర్‌బీ ఈ సంగతి దాచలేదు. ఆన్‌లైన్ గేముల మీద ఆటగాళ్ల మధ్య జరిగే మాటలకి మేం రేటింగ్ ఇవ్వలేదని రాస్తుంది. "యూజర్స్ ఇంటరాక్ట్" అని ఇంకో లైన్ పెడుతుంది. కానీ ఈ లైన్ వల్ల ఎం, టీ, ఈ అనే అక్షరం మారదు. అక్షరం కంటెంట్‌ని బట్టే వస్తుంది. జర్మనీలో యూఎస్‌కే అనే సంస్థ మాత్రం 2023 నుంచి చాట్, గేమ్ లోపలి కొనుగోళ్ల లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటోంది. నాకైతే అదే సరైన దారి అనిపిస్తుంది.

మన సంగతి ఇంకా విచిత్రం. సినిమాకి సెన్సార్ బోర్డు ఉంది. 2023లో చట్టం మార్చి యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని విడదీశారు కూడా. ఓటీటీకి 2021 ఐటీ రూల్స్‌లో వయసు వర్గాలు పెట్టారు. వీడియో గేములకి మాత్రం మన దేశానికంటూ ఒక రేటింగ్ బోర్డు లేదు. ప్లే స్టోర్‌లో మనకి కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అనేవి ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతి ఇచ్చే సాధారణ నంబర్లు. 2015 నుంచి గూగుల్ దీన్ని వాడుతోంది.

ఆ నంబర్ ఎలా వస్తుందో నాకు స్వయంగా తెలుసు. ఫైనలియర్‌లో నేనూ నా రూమ్మేటూ కలిసి ఒక చిన్న పజిల్ గేమ్ చేసి ప్లే స్టోర్‌లో పెట్టాం (డౌన్‌లోడ్స్ అడక్కండి, సగం మా క్లాస్ వాళ్లవే). డెవలపర్ ఒక ప్రశ్నాపత్రం నింపాలి. హింస ఉందా, తిట్లు ఉన్నాయా, ఉంటే ఎలాంటివి, యూజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరా అని అడుగుతుంది. సబ్‌మిట్ కొట్టగానే ఒక్కో ప్రాంతానికి ఒక్కో రేటింగ్ వచ్చేసింది. టీ తాగేలోపు అయిపోయింది. రోజూ అన్ని యాప్స్ వస్తుంటే ప్రతిదాన్నీ మనిషి కూర్చుని చూడటం కుదరదు, అది అర్థం చేసుకోగలను. తప్పు చెప్తే తర్వాత రేటింగ్ మార్చే అధికారం వాళ్లకుంది కూడా. అయినా "మాట్లాడుకోగలరు" అని ఒక టిక్ పెట్టడానికీ, రాత్రి పదకొండింటికి ఆ స్క్వాడ్‌లో నిజంగా ఏం వినిపిస్తుందనే దానికీ మధ్య చాలా దూరం ఉంది.

మిషన్‌కి తెలుగు తిట్లు రావు

మాటల్ని మిషనే ఆపొచ్చు కదా అని మీరు అనొచ్చు. ఆపుతున్నారు, కొంతవరకు. కాల్ ఆఫ్ డ్యూటీ 2023లో టాక్స్‌మాడ్ అనే ఏఐ వ్యవస్థ తెచ్చింది, అది వాయిస్ చాట్‌ని వింటూ వేధింపుల్ని పట్టుకుంటుంది. మొదలుపెట్టింది ఇంగ్లీష్‌తో. ఎక్స్‌బాక్స్‌లో అదే ఏడాది నుంచి వాయిస్ క్లిప్ సేవ్ చేసి రిపోర్ట్ కొట్టే సదుపాయం వచ్చింది.

తెలుగు పరిస్థితి చూద్దామని ఊరి నుంచి వచ్చాక ఒక చిన్న టెస్ట్ చేశా. నేనూ ముగ్గురు ఫ్రెండ్సూ బుడ్డోడు ఆడే గేమ్‌లోనే ప్రైవేట్ టీమ్ పెట్టుకుని, బయటివాళ్లెవరూ లేకుండా, చాట్‌లో తిట్లు టైప్ చేశాం. ఇంగ్లీష్ బూతులకి వెంటనే నక్షత్రాలు పడ్డాయి. హిందీవి కొన్ని ఆగాయి. తెలుగువి ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే చాలావరకు దర్జాగా వెళ్లిపోయాయి. ఆగిన ఒకటి రెండింట్లోనూ ఒక అక్షరం రెండుసార్లు నొక్కితే చాలు, దాటేసింది. పనిలో పనిగా చెప్పాలంటే, నా జీవితంలో ఇంత సీరియస్‌గా ఎక్సెల్ షీట్ పెట్టుకుని బూతులు రాసుకోవడం ఇదే మొదటిసారి.

దీనికి కారణం ఉంది. మనం తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే తీరుకి ఒక పద్ధతంటూ లేదు. ఒకే మాటని నలుగురు నాలుగు రకాలుగా కొడతారు. చివర ప్రత్యయాలు అతుక్కుంటాయి. గోదావరి జిల్లాల తిట్టు వేరు, వరంగల్ తిట్టు వేరు. ఒక చోట ముద్దుగా పిలిచే పిలుపు ఇంకో చోట గొడవకి దారి తీస్తుంది. మాటల జాబితా పెట్టుకుని ఆపే ఫిల్టర్లు ఇంగ్లీష్‌లోనే తప్పటడుగులు వేశాయి. 1996లో ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్లని ఏఓఎల్ ఫిల్టర్ అకౌంట్ తెరవనివ్వలేదు, ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట అక్షరాలు ఉన్నాయని. మన దగ్గర గట్టిగా ఫిల్టర్ పెడితే ఎన్ని ఇంటిపేర్లు ఆగిపోతాయో ఊహించుకోండి.

కాబట్టి ఫిల్టర్ కన్నా ముందు చూడాల్సింది డిఫాల్ట్ సెట్టింగ్. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌టీసీ ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద కేసు పెట్టినప్పుడు, పిల్లల వివరాల సేకరణతో పాటు ఇదీ ఒక ఆరోపణ: వాయిస్, టెక్స్ట్ చాట్ మొదటి నుంచీ ఆన్‌లో ఉండటం వల్ల పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడాల్సి వస్తోందని. పిల్లల ప్రైవసీకి సంబంధించిన భాగానికే 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఎపిక్ ఒప్పుకుంది. పిల్లలకీ టీనేజర్లకీ చాట్ ఆఫ్‌లోనే ఉండాలి, కావాలంటే ఆన్ చేసుకోవాలి అనేది అందులో షరతు. ఇది చదివాక బుడ్డోడి ట్యాబ్ గుర్తొచ్చింది. వాడు ఏదీ ఆన్ చేసుకోలేదు. వాడు ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే అది ఆన్‌లో ఉంది.

నా మైక్ సంగతి

ఇక్కడిదాకా రాసి ఆర్టికల్ పంపించేద్దామనుకున్నా. ఆ రాత్రి అలవాటుగా ఫ్రెండ్స్‌తో రెండు మ్యాచ్‌లు ఆడా. ముగ్గురమే ఉన్నాం, నాలుగో చోటులో ఎవరో రాండమ్ వచ్చాడు. ఐదు నిమిషాలు ఏం మాట్లాడలేదు. నేను నాక్ అయ్యా, అలవాటు ప్రకారం నోట్లోంచి ఓ మాట జారింది. కనుమ రోజు హాల్లో వినిపించిన అదే మాట. అప్పుడు ఆ నాలుగో మైక్ ఆన్ అయింది.

"అన్నా, ఆగు, నేను రివైవ్ చేస్తా."

చిన్న గొంతు. పదేళ్లుంటాయేమో. వెనకాల ఎవరో టీవీ సీరియల్ పెట్టుకున్నారు.

వాడు వచ్చి నన్ను లేపాడు. నేను థాంక్స్ తమ్ముడూ అన్నా. మ్యాచ్ అయ్యేదాకా మా ముగ్గురిలో ఎవరూ నోరు జారలేదు, దాని గురించి మాట్లాడుకోనూ లేదు. బుడ్డోడు చెప్పిన "అన్నలు" ఎవరో నాకు అంతకన్నా ఎవరూ వివరంగా చెప్పక్కర్లేదు. హాస్టల్లో అది మా మధ్య చనువు. ఒకడు తిడితే ఇంకొకడు నవ్వేవాడు. వాయిస్ చాట్‌లో ఆ చనువు లేనివాడు కూడా కూర్చుని వింటాడని, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఇంట్లో ఏం మార్చాం

అక్క మొదట గేములన్నీ తీసేయమంది. బావ వద్దన్నాడు, వాడి ఫ్రెండ్స్ అందరూ అక్కడే కలుస్తారని. నేనూ బావ వైపే. ట్యాబ్ లాక్కుంటే పక్కింటి ఫోన్‌లో ఆడతాడు, అప్పుడు ఏం వింటున్నాడో మనకి అసలు తెలీదు.

లాప్‌టాప్‌లో నా అకౌంట్ లాగౌట్ చేసి, వాడికి సొంత అకౌంట్ తెరిచి, స్టీమ్ ఫ్యామిలీస్‌లో పిల్లవాడిగా చేర్చా. ఏ గేములు కనిపించాలో ఇప్పుడు నేను ఎంచుకుంటా. జీటీఏ పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ట్యాబ్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ ఫోటో నొక్కి, సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ కింద ఉన్న పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి, అక్క చేత పిన్ పెట్టించా. పిన్ నాకు కూడా తెలీదు, అదే మంచిది. ఒక చిక్కుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు: ఇది కొత్తగా డౌన్‌లోడ్ చేసేవాటినే ఆపుతుంది. ముందే ఉన్న గేములు అలాగే ఉంటాయి, అవి మనమే చూసి తీసెయ్యాలి. బయట నుంచి ఏపీకే ఎక్కిస్తే ప్లే స్టోర్ పిన్‌కి దాంతో సంబంధమే ఉండదు. ఐఫోన్ ఉన్నవాళ్లకి స్క్రీన్ టైమ్‌లో ఇలాంటిదే ఉంది. 2025లో యాపిల్ తన వయసు వర్గాల్ని 4+, 9+, 13+, 16+, 18+ అని మార్చింది, పాత 12+, 17+ పోయాయి. ఎప్పుడో పెట్టి వదిలేసినవాళ్లు ఒకసారి తెరిచి చూసుకోండి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లో పిల్లల అకౌంట్ తెరిస్తే వయసు పరిమితి వేరుగా, ఎవరితో మాట్లాడొచ్చనేది వేరుగా పెట్టుకోవచ్చు. ఈ రెండోదే అసలైనది, మెనూలో లోపలెక్కడో ఉంటుంది.

కానీ ఇంట్లో అసలు మార్పు తెచ్చింది ఇవేవీ కాదు. బ్యాటిల్ రాయల్ తెరిచి, స్పీకర్‌ని టీమ్ వరకే పెట్టి, రాండమ్ వాళ్లతో కలిపే ఆటో మ్యాచ్ టిక్ తీసేశా. ఇక స్క్వాడ్‌లో వాడి క్లాస్ పిల్లలే ఉంటారు. అక్క పెట్టిన షరతు ఇంకొకటి: ఆడేటప్పుడు ఇయర్‌ఫోన్స్ వద్దు. గేమ్ శబ్దం హాల్లో అందరికీ వినిపించాలి. నాకు తెలిసిన పేరెంటల్ కంట్రోల్స్ అన్నింట్లోకీ ఇదే చౌక, ఏ అప్‌డేట్‌కీ చెడిపోదు. నాన్నకి నిద్ర చెడుతోందని మాత్రం కంప్లయింట్ ఉంది.

ఆ మాట అర్థం వాడికి ఎవరు చెప్పాలన్నది పెద్ద చర్చ అయింది. చివరికి బావ చెప్పాడు, మేడ మీదకి తీసుకెళ్లి. కిందకి వచ్చాక వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. "మామయ్యా, తాతయ్యకి అర్థం తెలుసా?" అని అడిగాడు. తెలుసురా అంటే, వెళ్లి పడక్కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఏమీ అనలేదు. నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టి, ఎన్ని కిల్స్ కొట్టావురా అని అడిగారు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో వాడు మళ్లీ మొదలుపెట్టాడు.

"మామయ్యా, జీటీఏ 6 నవంబర్ 19 అంట కదా?"

"2026 నవంబర్ 19 అని రాక్‌స్టార్ వాళ్లు చెప్పార్రా. నీకు 18 ఎప్పుడు?"

వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. కాసేపు సైలెంట్. వెనక నుంచి అక్క నవ్వుతోంది.

"అప్పటికి జీటీఏ 7 వచ్చేస్తుందిలే మామయ్యా."

వాడికి రాక్‌స్టార్ స్పీడ్ సంగతి ఇంకా తెలీదు.